వినైల్ ప్లాంకులు ఉబ్బుతున్నాయి, మొత్తం పీకాలా?

ప్రశ్న: ఎంవీపీ కాలనీలో ఫ్లాట్. పాత టైల్స్ మీద 5 మి.మీ. క్లిక్ లాక్ వినైల్ (జిగురు లేకుండా అంచులు ఒకదాంట్లో ఒకటి బిగుసుకునే ప్లాస్టిక్ పలకలు) వేయించాం. పడమటి బాల్కనీ తలుపు దగ్గర, ఎండ పడేచోట, అతుకులు పైకి లేస్తున్నాయి. ఏం చేయాలి?

జవాబు 1: పీకక్కర్లేదండీ. ముందు ఆ వైపు స్కర్టింగ్ (గోడ అడుగున ఉండే పట్టీ) ఊడదీసి చూడండి. ప్లాంకు గోడను తాకుతుంటే కారణం దొరికినట్టే. వేడికి వినైల్ సాగుతుంది, జరగడానికి చోటు లేక లేస్తుంది. అంచున 6–8 మి.మీ. ఖాళీ ఉండాలి. ప్లాంకు తీయకుండానే మల్టీటూల్ (బ్లేడు అదురుతూ కోసే చేతి యంత్రం) బ్లేడుతో అంచు కోయొచ్చు. తలుపు చట్రం కింద కూడా చూడండి, మేస్త్రీలు ఎక్కువగా వదిలేసేది అక్కడే. కోశాక ఒక రాత్రి ఆగితే చాలావరకు దిగుతుంది. స్కర్టింగ్ మేకులు గోడలోకే దిగాలి, ప్లాంకులోకి కాదు.

జవాబు 2: గోడ దగ్గర ఖాళీ ఉన్నా లేస్తుంటే, నేలకు స్క్రూ కొట్టిన డోర్ స్టాపరో, నిండు బీరువానో ప్లాంకుల్ని కదలనీయడం లేదన్నమాట. వాటిని తీసేయండి.

జవాబు 3: వానలకు బాల్కనీ నీళ్లు గడప కింద నుంచి లోపలికి వస్తున్నాయేమో కూడా చూడండి. ఒక ప్లాంకు ఎత్తితే కింద తడి, బూజు వాసన తెలిసిపోతాయి. తడి ఉంటే ముందు గడప సీల్ చేయించి, నేల పూర్తిగా ఆరాకే మళ్లీ పరవండి. లాక్ విరిగిన ప్లాంకు మళ్లీ నిలవదు, మార్చాల్సిందే. గోడ వైపు నుంచి విప్పుతూ వెనక పెన్సిల్‌తో నంబర్లు వేసుకోండి. కొత్తవి వేసే ముందు 48 గంటలు అదే గదిలో ఉంచండి. ఆ తలుపుకు మందపాటి కర్టెన్ తప్పనిసరి.