ఓనర్ ఫోన్ ఎత్తడం లేదు, బాల్కనీలో కుక్క అరుస్తోంది. ఏం చేయాలి?

మియాపూర్ వాసి (ఆదివారం, మధ్యాహ్నం 2.35)
పొద్దున ఏడింటి నుంచి ఇదే పని మీద ఉన్నాను. మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఒక ఫ్లాట్‌కు తాళం వేసి ఉంది, బాల్కనీలో కుక్క ఉంది. ఓనర్‌కు ఇరవై సార్లు ఫోన్ చేశాను. మొదట రింగయింది, ఇప్పుడు స్విచ్చాఫ్. ఒక ఆఫీసుకు చేస్తే ‘వీధికుక్కలైతే వస్తాం, ఇంట్లో కుక్క మా పని కాదు’ అన్నారు. ఒక షెల్టర్ వాళ్లు చోటు లేదన్నారు. ఇంకో నంబర్ అసలు పనిచేయడం లేదు. అది అరుస్తూనే ఉంది, చుట్టుపక్కల వాళ్లేమో నన్ను తిడుతున్నారు. టెన్షన్‌తో అన్నం కూడా తినలేదు. ఎవరైనా దారి చెప్పండి.

పశువుల డాక్టరు
నీళ్లున్నాయా?

గోదావరి గట్టు
ఇంటి ఓనర్ దగ్గర ఇంకో తాళం లేకుండా ఉంటుందా అండీ? ఆయన ఎక్కడుంటాడో వాచ్‌మన్‌ను అడిగి పట్టుకోండి. ఈ ఓనర్లంతా ఇంతే. ఒకటో తారీఖు సాయంత్రానికి అద్దె పడకపోతే గుమ్మంలో ఉంటారు, కుళాయి కారుతోందని చెబితే మాత్రం నెల్లాళ్లు కనపడరు. మా వంటింటి సింకు సంగతి చెప్పానంటే ఇక్కడ చోటు చాలదు.

రిటైర్డ్ గుమస్తా
ముందు వదిలేసి వెళ్లినవాళ్ల మీద ఫిర్యాదు పెట్టండి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, సెక్షన్ 11. సరైన కారణం లేకుండా, ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును వదిలేయడం నేరం. తిండి, నీళ్లు, నీడ చూడకపోవడం విడిగా ఇంకో నేరం. శిక్ష వింటే నవ్వొస్తుంది. మొదటిసారి జరిమానా 10 రూపాయలకు తగ్గకూడదు, 50 రూపాయలకు మించకూడదు. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదంటే మూడు నెలల దాకా జైలు, లేదంటే రెండూ. ఆ రోజుల్లో 50 రూపాయలంటే చిన్న ఉద్యోగికి పెద్ద మొత్తమే. ఇప్పుడు దానికి రెండు ప్లేట్ల పునుగులు కూడా రావు. అయినా కాగితం మీద ఫిర్యాదు ఉండటం వేరు, నోటిమాట వేరు. కోర్టులో ముప్పై ఏళ్లు చూసి చెబుతున్నాను.

పశువుల డాక్టరు
నీళ్ల సంగతి ఇంకా చెప్పలేదు. ఎన్నాళ్లయింది, ఏ జాతి, ఎండ పడుతుందా?

మియాపూర్ వాసి
బకెట్ కనిపిస్తోంది, అందులో నీళ్లున్నాయో లేదో కింది నుంచి తెలియదు. లాబ్రడార్. రెండేళ్లుంటాయేమో. మధ్యాహ్నం నుంచి ఆ వైపంతా ఎండే. గోదావరి గారూ, మీరు పొరబడ్డారు. నేను ఓనర్ అన్నది కుక్క ఓనర్‌ను. ఇంటి ఓనర్‌ను నేనే.

గోదావరి గట్టు
ఓరి నాయనో. ఇల్లు మీది, తాళం మీ దగ్గరుంది. మరి పొద్దున్నుంచి ఈ ఫోన్లెందుకు?

బౌబౌ అమ్మ
అసలు ఓనర్ అనే మాటే నాకు నచ్చదు. కుక్క ఏమన్నా స్కూటరా, ఆర్సీ చూపించడానికి? మేం పేరెంట్స్ అంటాం. ఆ మాట అలవాటైతే ఇలా వదిలేసి పోబుద్ధి కాదు.

గోదావరి గట్టు
పేరెంట్స్ కూడా వదిలేసి పోతున్నారు లెండి, ఆ సంగతి వేరే చోట మాట్లాడుకుందాం.

రిటైర్డ్ గుమస్తా
మీకు నచ్చినా నచ్చకపోయినా చట్టంలో ఉన్నది ఓనర్ అనే మాటే. దాని అర్థం మీరనుకునేంత చిన్నది కాదు. సెక్షన్ 2 ప్రకారం, జంతువు ఆ సమయానికి ఎవరి ఆధీనంలో ఉందో వాళ్లు కూడా ఓనరే. అసలు ఓనర్ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా సరే. అంటే మియాపూర్ గారు తాళం తీసి దాన్ని పట్టుకున్నారంటే ఆయనా ఓనరే, దాన్ని చూసుకునే బాధ్యతా ఆయనదే.

మియాపూర్ వాసి
అదే కదా నా భయం! వాళ్ల సామాను సగం లోపలే ఉంది. నేను తాళం తీస్తే రేపు ఏదో పోయిందంటారు. పైగా అది కరుస్తుందేమో. శుక్రవారం రాత్రి వెళ్లినట్టున్నారు. పోయిన నెలలో నేనే చెప్పాను, కుక్కనన్నా పంపించండి, ఇల్లన్నా ఖాళీ చేయండి అని. అసోసియేషన్ వాళ్లు నా ప్రాణం తీస్తున్నారు మరి. అడ్వాన్సు దగ్గర కూడా చిన్న మాటామాటా అయింది. అది ఇక్కడ అనవసరం.

గోదావరి గట్టు
అనవసరమా! అసలు కథంతా అక్కడే ఉంది కదండీ.

బౌబౌ అమ్మ
పెంపుడు జంతువులు ఉండకూడదని అసోసియేషన్ తీర్మానం చేసినా చెల్లదు. మెజారిటీ ఉన్నా చెల్లదు. 2015లో జంతు సంక్షేమ మండలి ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ మాట ఉంది, ప్రింటు తీసి నోటీసు బోర్డుకు అంటించండి. అలాగని ఆ అద్దెవాళ్లను వెనకేసుకు రావడం లేదు. పిల్లగా ఉన్నప్పుడు దూదిబంతిలా ఉందని కొనేస్తారు. రెండో ఏడుకు ముప్పై కిలోలవుతుంది, రోజుకు రెండు పూటలా తిప్పాలి, ఏటా టీకాలు, సోఫా అంతా వెంట్రుకలు. పదీ పన్నెండేళ్లు బతికే ప్రాణి అని కొనే రోజు ఎవరూ లెక్క వేయరు. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. సంచిలో పెట్టి నెల పిల్లల్ని అమ్మేవాళ్లను నేనే చూశాను.

కొండాపూర్ కుర్రాడు
సింపుల్. గేటు తీసి కింద వదిలేయండి. వీధికుక్కల్లో కలిసిపోతుంది.

పశువుల డాక్టరు
కలవదు. ప్రతి సందుకూ ఒక గుంపు ఉంటుంది, కొత్తదాన్ని రానివ్వదు. ఇంట్లో పెరిగిన లాబ్రడార్‌కు పారిపోవడమూ రాదు, చెత్తలో తిండి వెతుక్కోవడమూ రాదు. వారంలో నా టేబుల్ మీద ఉంటుంది, అదీ ఎవరైనా తెస్తే.

మియాపూర్ గారూ, శుక్రవారం రాత్రి నుంచి అంటే నలభై గంటలు. ఇక ఫోన్లు ఆపండి. 112కు చెప్పండి. అసోసియేషన్ సెక్రటరీని పక్కన నిలబెట్టి, తాళం తీసే దగ్గర నుంచి ఆపకుండా వీడియో తీయండి. సామాను గురించి మీకు అదే సాక్ష్యం. కుక్కకు ఎదురుగా వెళ్లొద్దు, కళ్లలోకి చూడొద్దు, పైనుంచి చెయ్యి చాపి తల నిమరొద్దు. పక్కకు తిరిగి కింద కూర్చుని నీళ్ల గిన్నె దానివైపు జరపండి. నీళ్లు కొద్దికొద్దిగా ఇవ్వండి, ఒక్కసారే తాగనిస్తే కక్కేస్తుంది. కాసేపాగి గుప్పెడు పెరుగన్నం, రెండు మూడు గంటలకు ఇంకో గుప్పెడు. జాలిపడి గిన్నె నింపేయకండి. ఉడికిన ఎముకలు వద్దు, ఉల్లిపాయ పడ్డ కూర ఏదీ వద్దు. అది ఆగకుండా రొప్పుతూ, చొంగ కారుస్తూ, కాళ్లు తడబడుతుంటే వడదెబ్బ. పొట్ట, పాదాలు మామూలు నీళ్లతో తడుపుతూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఐసు పెట్టకండి. ఒకవేళ కరిస్తే పారే నీళ్ల కింద సబ్బుతో పావుగంట కడిగి, మీరు ఈరోజే రేబిస్ టీకా వేయించుకోండి. పసుపు, కారం పూయకండి.

రిటైర్డ్ గుమస్తా
కొండాపూర్ బాబూ, నీ సలహా వింటే అప్పుడు ముద్దాయి ఈయనే అవుతారు. ఇంకో సంగతి. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కను తీసుకెళ్లి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదులుతారు. కాబట్టి దీన్ని వీధికుక్క అని అబద్ధం చెప్పి పట్టించినా తిరిగి మీ గేటు ముందుకే వస్తుంది.

కొండాపూర్ కుర్రాడు
సుప్రీంకోర్టు అన్నిటినీ షెల్టర్లలో పెట్టమంది కదా?

రిటైర్డ్ గుమస్తా
అది 2025 ఆగస్టు 11న, ఢిల్లీ పరిసరాల గురించి. ఆగస్టు 22నే దాన్ని మార్చారు. రేబిస్ ఉన్నవీ, మీద పడేవీ తప్ప మిగతావాటిని ఆపరేషన్, టీకా అయ్యాక మళ్లీ అక్కడే వదలమన్నారు. తర్వాత నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల గురించి వేరే ఆదేశం వచ్చింది. సగం వార్త చదివి రాయకు.

బౌబౌ అమ్మ
వీధికుక్క అనకండి. మీరు చెప్పిన 2023 నిబంధనల్లోనే వాటిని సమాజపు జంతువులు అన్నారు.

గోదావరి గట్టు
మా వైపు ఎప్పటి నుంచో ఊరకుక్క అంటాం. ఊరంతా తలో ముద్దా పెట్టేది కాబట్టి ఊరకుక్క. దానికి మళ్లీ కొత్త పేరెందుకు?

బౌబౌ అమ్మ
మీరు ఊరకుక్క అన్నది తిట్టడానికా, ముద్దుకా?

గోదావరి గట్టు
రెండింటికీ.

మియాపూర్ వాసి (సాయంత్రం 6.50)
తీశాం. పోలీసులు రాలేదు గానీ ఫోన్‌లో వివరాలు రాసుకున్నారు. సెక్రటరీ వచ్చాడు, వీడియో ఉంది. బకెట్ ఎండిపోయి ఉంది. కరవలేదు, తోక ఊపింది. పెరుగన్నం రెండుసార్లు పెట్టాం, నిలిచింది. టీకా పుస్తకం ఫ్రిజ్ మీద దొరికింది. ప్రస్తుతం వాచ్‌మన్ గదిలో ఉంది. అందరికీ థాంక్స్.

పశువుల డాక్టరు
రేబిస్ టీకా ఆఖరిసారి ఎప్పుడు వేశారు? కుక్కను గుర్తుపట్టడానికి చర్మం కింద పెట్టే చిప్ ఉంటుంది, పుస్తకంలో దాని 15 అంకెల నంబర్ స్టిక్కర్ ఉందేమో చూడండి.

బౌబౌ అమ్మ
వాచ్‌మన్ గదిలో ఎన్నాళ్లు? ఫొటో పెట్టండి, తీసుకునేవాళ్లను నేను వెతుకుతాను.

రిటైర్డ్ గుమస్తా
తొందరపడి ఎవరికీ ఇచ్చేయకండి. అద్దెవాళ్లకు ముందు రాతపూర్వకంగా తెలియజేయాలి. రేపు వచ్చి మా కుక్క ఏదంటే? అడ్వాన్సు ఇంకా మీ దగ్గరే ఉందా?

పశువుల డాక్టరు
మియాపూర్ గారూ?

నిజాంపేట నివాసి (మంగళవారం)
ఇప్పుడే చూశాను, పాపం. ఇంటి ఓనర్‌ను పట్టుకోండి సార్. రెండో తాళం వాళ్ల దగ్గర తప్పకుండా ఉంటుంది.