డర్జ్ ఆఫ్ సెర్బెరస్: తప్పు తుపాకీదా, కథ చెప్పిన తీరుదా?

తాళంచెవి97:
ఫైనల్ ఫాంటసీ 7 వీడియో గేమ్‌లో (1997) విన్సెంట్ వాలెంటైన్ అనే పాత్రని ఎవరూ తెచ్చి మన చేతిలో పెట్టరు. నిబెల్‌హైమ్‌లో పాడుబడ్డ షిన్రా కంపెనీ భవంతికి మనమే వెళ్ళాలి. అక్కడో ఇనప్పెట్టె. కుడికి 36, ఎడమకి 10, కుడికి 59, మళ్ళీ కుడికి 97. ఇవన్నీ 20 సెకన్లలో తిప్పాలి, అంకె ఒక్కటి దాటిపోయినా మళ్ళీ మొదటికే. పెట్టె తెరుచుకుందని సంతోషపడేలోపు లాస్ట్ నంబర్ అనే బాస్ మీద పడతాడు. వాణ్ణి చంపితే తాళంచెవి దొరుకుతుంది. దాంతో నేలమాళిగలో తలుపు తీస్తే శవపేటిక. అందులోని మనిషి లేచి నాలుగు ముక్కలు మాట్లాడి మళ్ళీ పడుకుంటాడు. మనం వెనుదిరిగి వెళ్ళిపోతుంటే అప్పుడొచ్చి మనతో చేరతాడు. అసలు ఇతని జోలికి పోకుండానే గేమ్ పూర్తి చేయొచ్చు కూడా.

అలాంటి మనిషికి 2006లో ప్లేస్టేషన్ 2 మీద సొంత గేమ్ ఇచ్చారు, అదే డర్జ్ ఆఫ్ సెర్బెరస్. పన్నెండు అధ్యాయాల షూటర్. నేను దీని కోసం ఎంత ఎదురుచూశానో చెప్పలేను. పూర్తి చేసి కంట్రోలర్ కింద పెట్టేసరికి మనసు చివుక్కుమంది.

నా బాధ ఆ భవంతి దగ్గరే మొదలైంది. కథలో విన్సెంట్ మళ్ళీ అక్కడికే వెళ్తాడు. ఇనప్పెట్టె ముందు ఊపిరి బిగబట్టి కూర్చున్న ఇల్లు అది. ఇప్పుడు అక్కడ మనకి మిగిలిన పని వచ్చినవాణ్ణల్లా కాల్చడమే. విన్సెంట్ ప్రేమించిన లుక్రేషియా గురించి ఆటగాడు వెతకాల్సిందేమీ లేదు, అంతా కట్‌సీన్లలో (ఆట ఆగి సినిమాలా నడిచే దృశ్యాల్లో) వరసగా వడ్డించేశారు. పాత గేమ్‌లో జలపాతం వెనక గుహ ఉంటుంది. విన్సెంట్‌ని పార్టీలో పెట్టుకుని వెళ్తేనే అక్కడ లుక్రేషియా కనిపిస్తుంది. ఎంతమంది ఆ గుహ చూడకుండానే గేమ్ ముగించేశారో! అయినా చూసినవాళ్ళ మనసులోంచి అది పోదు.

మూడుగొట్టాలు:
అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ నేను విన్సెంట్‌ని మొదట చూసిందే డర్జ్‌లో. పాత గేమ్ ఆ తర్వాత ఆడాను. ఐచ్ఛిక పాత్ర కాబట్టే అక్కడ అతనికి మాటలు లేవు, అదేదో గొప్ప మౌనం అని మనం తర్వాత పేరు పెట్టుకున్నాం.

ఆట విషయానికొస్తే, తుపాకుల్ని మనకు తగ్గట్టు మార్చుకునే పద్ధతి నాకు ఇప్పటికీ ఇష్టం. సెర్బెరస్ చేతి తుపాకీ, హైడ్రా రైఫిల్, గ్రిఫన్ మెషిన్‌గన్. ఒక్కోదానికి గొట్టం మార్చొచ్చు, స్కోప్ తగిలించొచ్చు, మెటీరియా అనే మాయరాళ్ళు పెట్టి నిప్పో మెరుపో కాల్చొచ్చు. అధ్యాయం చివర వచ్చిన పాయింట్లతో లెవెల్ పెంచుకోవాలా, ఆటలోని డబ్బు గిల్‌గా మార్చుకోవాలా అని నేను ప్రతిసారీ తటపటాయించేవాణ్ణి. ఇది ఆర్‌పీజీ (పాత్రని పెంచుకుంటూ ఆడే గేమ్) బుర్రతో చేసిన షూటర్. పైగా జపాన్ వెర్షన్‌కీ బయటి దేశాల వెర్షన్‌కీ తేడా ఉంది. బయట విడుదల చేసేటప్పుడు విన్సెంట్ కదలికల వేగం పెంచారు, డబుల్ జంప్ కలిపారు. మీరు ఏది ఆడారు?

తాళంచెవి97:
బయటి వెర్షనే తమ్ముడూ, డబుల్ జంప్ ఉన్నదే. తుపాకుల కూర్పు బాగుందని నేనూ ఒప్పుకుంటా. అయితే అంత శ్రద్ధగా కట్టుకున్న తుపాకీని ఎక్కడ వాడాం? చాలాచోట్ల బూడిదరంగు నడవాల్లో, డీప్‌గ్రౌండ్ అనే షిన్రా రహస్య సైన్యంలోని ఒకేలాంటి సైనికుల మీద. గది ఖాళీ చేస్తే తలుపు, తలుపు దాటితే కట్‌సీన్. మొదటి అధ్యాయం కామ్ పట్టణంలో జరుగుతుంది. పాత గేమ్‌లో మిడ్గార్ నగరం దాటాక ఊపిరి పీల్చుకునే ఊరు అది, హీరో క్లౌడ్ తన గతం చెప్పేది అక్కడి సత్రంలోనే. ఆ ఊరి మీద దాడి జరుగుతుంటే నా గుండె కలుక్కుమనాలి కదా? అనలేదు. అడ్డుగోడల మధ్య ముందుకు తోసుకుంటూ పోవడంలో ఊరు కంటికి ఆనలేదు.

చివరి_రీలు:
ఇద్దరూ ఒక సంగతి వదిలేస్తున్నారు. 2007లో పీఎస్‌పీ అనే చేతి గేమ్ యంత్రం మీద వచ్చిన క్రైసిస్ కోర్ కూడా యాక్షన్ గేమే, అదీ ఇదే కథకి అనుబంధమే. దాన్ని మాత్రం నెత్తిన పెట్టుకున్నాం. కాబట్టి 'యాక్షన్ చేశారు, పాడుచేశారు' అనే మాట నిలవదు.

దాని హీరో జాక్ చనిపోతాడని మనకి ముందే తెలుసు. అయినా ఆ చివరి పోరు గుర్తుందా? ఆట పొడుగునా స్క్రీన్ మూల తిరిగే రీళ్ళలో అతనికి తెలిసినవాళ్ళ ముఖాలు వస్తుంటాయి. చివర్లో ఆ రీళ్ళు మొరాయిస్తాయి, ముఖాలు ఒక్కొక్కటే చెరిగిపోతాయి. అతను ప్రేమించిన ఏరిత్ ముఖం ఆఖరుది. అప్పటికి మన చేతిలో కంట్రోల్స్ ఉన్నాయి, ఇంకా కొడుతూనే ఉన్నాం. ప్రాణం పోవడాన్ని ఆ రీళ్ళలోనే చూపించారు. డర్జ్‌లో ఇలా చేతులతో తెలిసే క్షణం ఒక్కటి చెప్పండి.

మూడుగొట్టాలు:
లిమిట్ బ్రేకర్ వాడినప్పుడు గాలియన్ బీస్ట్‌గా మారడం ఉంది కదా? తనలోని మృగాన్ని ఆపుకోలేని మనిషి అతను.

చివరి_రీలు:
ఉంది. కానీ వస్తువు వాడితే మారిపోతాడు, బలం పెరుగుతుంది, కాసేపటికి మామూలు మనిషి. అదొక లాభంలాగే ఉంది. అతను దాన్ని శాపం అనుకుంటాడు, మనకి మాత్రం అది బహుమతి. అక్కడే ఆటా కథా విడిపోయాయి.

పాతసేవ్‌ఫైల్:
నాదో మాట. కథ చెప్పిన తీరు సరే, మనకి అందిందే సగం కథ. జపాన్‌లో ఆన్‌లైన్ మల్టీప్లేయర్ ఉండేది, డీప్‌గ్రౌండ్ లోపలి సంగతులు అందులో నడిచేవి. దాన్ని 2006లోనే మూసేశారు, బయటి వెర్షన్‌లో అసలు పెట్టనే లేదు. అందుకే డీప్‌గ్రౌండ్ నాయకులు వైస్, నీరో, రోసో, అజూల్ హఠాత్తుగా ఊడిపడ్డట్టు అనిపిస్తారు. అలాంటివాళ్ళని చంపినా మనకి ఏమీ అనిపించదు. ఆ పైన రహస్య ముగింపులో జెనెసిస్! క్రైసిస్ కోర్ వచ్చేదాకా అతనెవరో ఎవరికీ తెలీదు.

డర్జ్‌కి హమావుజు ఇచ్చిన సంగీతం ఒక్కటి మాత్రం నేను ఎవరితోనూ వాదనకి పెట్టను. ఇప్పటికీ రాత్రిళ్ళు వింటాను.

తాళంచెవి97:
సంగీతం విషయంలో మీతోనే ఉన్నా. రీళ్ళ ఉదాహరణ నేను చెప్పలేకపోయినదాన్ని చెప్పింది. నా కోపం తుపాకీ మీద కాదని ఇప్పుడు నాకే స్పష్టంగా కనిపిస్తోంది. ఏడో భాగం రీమేక్ కూడా (2020) యాక్షన్ పోరాటమే, అది నాకు ప్రాణం. కానీ షిన్రా శాస్త్రవేత్త హోజో తన మనసుని నెట్‌వర్క్‌లో దాచుకుని వైస్ ఒంట్లో దూరడం, గ్రహం ప్రాణశక్తిని మోసుకుపోయే ఒమేగా, విన్సెంట్ లోపలి శక్తిని అదుపులో పెట్టే ప్రోటోమెటీరియా, ఇవన్నీ వచ్చి పడ్డాక శవపేటికలో తనని తాను శిక్షించుకున్న మనిషికి చోటేదీ? ఒక స్త్రీని కాపాడలేకపోయానని పడుకున్నాడతను. ఆ ఒక్క బరువు చాలదని ఎందుకనుకున్నారు?

మూడుగొట్టాలు:
ఇది మాత్రం ఒప్పుకుంటానన్నా. అయితే డీప్‌గ్రౌండ్ నుంచి వచ్చిన షెల్కీని వదిలేయకండి. పసిపిల్ల ఒంట్లోనే ఆగిపోయిన ఆమెలో లుక్రేషియా జ్ఞాపకాలు దూరి, ఏది తనదో ఏది కాదో తెలీక నలిగిపోతుంది. మీరు వెతుకుతున్న బరువు నాకు ఆమెలో దొరికింది. రీమేక్ రెండో భాగం రీబర్త్‌లో (2024) శవపేటిక మళ్ళీ తెరిచారు, విన్సెంట్ మనతో వచ్చాడు, కానీ అతన్ని ఆడనివ్వలేదు. తర్వాతి భాగంలో ఆ తుపాకీ మన చేతికొస్తే మీకేం కావాలి?

తాళంచెవి97:
ఆ జలపాతం వెనక గుహ కావాలి. బాణం గుర్తు పెట్టి దారి చూపించకూడదు. విన్సెంట్ లేకుండా వెళ్తే అక్కడ ఏమీ జరక్కూడదు.

షెల్కీ కోసం డర్జ్ మళ్ళీ మొదలుపెడుతున్నా. ఏ అధ్యాయం నుంచి చూడమంటావు?