ఆర్వో, సర్వో, రెగో: ఈ ‘ఓ’ల గోల ఏంటండీ?

కొత్తబ్బాయి (మెల్‌బోర్న్): అన్నలూ, అక్కలూ, ఆస్ట్రేలియా వచ్చి రెండు వారాలైంది. ఆఫీసులో ఆర్వో, సర్వో, స్మోకో అంటున్నారు. వీటికో లెక్కుందా, బట్టీ పట్టడమేనా?

సిడ్నీ పాతకాపు: తేలికే తమ్ముడూ. మాటని సగానికి నరికి, మనిషైతే ‘ఓ’, వస్తువైతే ‘ఈ’ తగిలిస్తారు. అంబులెన్సు మనిషి ఆంబో, బ్రేక్‌ఫాస్ట్ బ్రెకీ. అది సరేగానీ కారు కొన్నావా? రెగో అంటే రిజిస్ట్రేషన్. గ్రీన్ స్లిప్, అంటే బండికి తప్పనిసరి ఇన్సూరెన్సు, లేకపోతే రెగో కట్టనివ్వరు, ముందు అది చూసుకో.

మెల్‌బోర్న్ అక్క: గ్రీన్ స్లిప్ మీ న్యూ సౌత్ వేల్స్ గొడవ. విక్టోరియాలో ఆ ఇన్సూరెన్సు రెగో బిల్లులోనే కలిసొస్తుంది. పిల్లాణ్ని కంగారు పెట్టకండి. మీ లెక్కా తప్పే. సర్వో పెట్రోల్ బంకు, స్మోకో టీ బ్రేకు, అవి మనుషులా? ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు ట్రేడీలు, వాళ్లు వస్తువులా?

తమ్ముడూ, నా కథ విను. వచ్చిన కొత్తలో వంటింట్లో నల్లా కారుతోందని అద్దె ఇంటి ఏజెంటుకి చెప్పా. ‘ప్లంబర్, థర్స్‌డే ఆర్వో’ అని మెసేజ్ పెట్టాడు. మనకు ఆర్వో అంటే మంచినీళ్ల ఫిల్టరే కదా! అది బిగించి డబ్బులు లాగుతారని భయమేసి ‘ఆర్వో వద్దు’ అని కొట్టా. ఇక్కడ ఆర్వో అంటే ఆఫ్టర్‌నూన్ అట! మధ్యాహ్నం కుదరదన్నాననుకుని వాడు ప్లంబర్ని రావద్దన్నాడు. మూడు వారాలు కింద గిన్నె పెట్టి, రాత్రంతా టప్ టప్ వింటూ పడుకున్నాం. నీళ్ల బిల్లు కూడా మాకే పడింది.

బ్రిస్బేన్ బాబాయ్: ‘ఓ’ ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పరేం? వెనక పాలవాడు ‘మిల్క్ ఓ’ అని వీధిలో కేకేసేవాడు, వాడి పేరే మిల్కో అయింది. కుందేళ్లవాడు రాబిటో. సౌత్ సిడ్నీ రాబిటోస్ రగ్బీ జట్టు పేరూ ఆ కేకదే అంటారు. మన ‘ఉల్లిపాయలోయ్’ లాంటిదే.

సిడ్నీ పాతకాపు: మరి ఆర్వో ఎవరు కేకేశారు బాబాయ్, మధ్యాహ్నాలు అమ్మేవాడా?

బ్రిస్బేన్ బాబాయ్: ఒకటి నోటికి అలవాటైతే దాన్ని చూసి పది పుడతాయయ్యా. ‘ఈ’ సంగతి తెలుసా? సెల్ఫీ అన్న మాట 2002లో ఒక ఆస్ట్రేలియావాడు ఆన్‌లైన్లో రాసిందే. 2013లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు దాన్నే ఆ ఏటి మాటగా ఎంచారు.

కొత్తబ్బాయి: మనమూ తగిలించుకోవచ్చా? నిన్న లంచ్‌లో బిర్యానీని బిర్యో అన్నా. ఎవరూ నవ్వలేదు.

మెల్‌బోర్న్ అక్క: వాళ్లన్నవే అను, సొంతంగా వద్దు. ఇంకోటి, బాటిల్-ఓ అంటే మందు షాపు. మా ఆయన మొదటి వారం అక్కడికి పాల సీసా కోసం వెళ్లాడు.