క్రూజ్ కంట్రోల్ పెట్టించాను, సెట్ అవ్వట్లేదు. ఎవరైనా చెప్పండి ప్లీజ్

భీమిలి రోడ్డు
నిన్న మధ్యాహ్నం నుంచి ఇదే పని, తల పగిలిపోతోంది. కారుకి బయట క్రూజ్ కంట్రోల్ కిట్ పెట్టించాను, అదే, కాలు తీసినా సెట్ చేసిన స్పీడులోనే కారుని నడిపించేది. ఆన్ నొక్కితే లైటు వెలుగుతుంది. స్పీడు అందుకున్నాక సెట్ నొక్కితే ఏమీ జరగదు. కాలు తీయగానే కారు మామూలుగా స్లో అయిపోతుంది. బిగించిన కుర్రాడికి ఫోన్ చేస్తే "వైరింగ్ అంతా కరెక్టే సార్, మీకు నొక్కడం రావట్లేదు" అంటాడు. నొక్కడం రాకపోవడానికి అదేమైనా హార్మోనియమా? ఫ్యూజులు చూశాను. కనెక్టర్లు ఊడదీసి మళ్ళీ పెట్టాను. యూట్యూబ్‌లో ఉన్నవన్నీ చూసేశాను. ఆదివారం ఫ్యామిలీతో అన్నవరం వెళ్ళాలి. తెలిసినవాళ్ళు కొంచెం త్వరగా చెప్పండి.

గాజువాక గేర్‌బాక్స్
ఏ కారు? ఏ సంవత్సరం? మాన్యువలా, ఆటోమేటికా? కిట్ ఏది?

భీమిలి రోడ్డు
మామూలు హ్యాచ్‌బ్యాకే అండీ. కిట్ ఆన్‌లైన్‌లో కొన్నది, అందరూ పెట్టించుకునేదే.

గాజువాక గేర్‌బాక్స్
"మామూలు" అనే మోడల్ నేనెప్పుడూ రిపేరు చేయలేదు.

అడ్మిన్
షాపుల పేర్లు, కంపెనీల పేర్లు పెట్టి తిట్టొద్దని రూల్ ఉంది, గుర్తుంచుకోండి. ఇంధనం, గేరు, సంవత్సరం చెప్తే చాలు.

పాత లా పుస్తకం
ముందు ఒక మాట. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఎవరైనా చదివారా? తయారీదారు ఇచ్చిన వివరాలకీ ఆర్సీలో వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని అందులో ఉంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. మనవాళ్ళు కారు ఇంటికి రాగానే హారన్ మారుస్తారు, సైలెన్సర్ మారుస్తారు, ముందు ఇనుప గార్డు బిగిస్తారు. ఆ గార్డులు వద్దని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు రాసింది. ఎవరు విన్నారు? బీచ్ రోడ్డు మీద ఒక సాయంత్రం నిలబడి చూడండి, నాలుగు కార్లకి ఒకటి గార్డుతోనే పోతుంది.

గాజువాక గేర్‌బాక్స్
ఆర్సీలో క్రూజ్ కంట్రోల్ అనే గడి ఎక్కడుంది సార్?

పాత లా పుస్తకం
గడి లేకపోవచ్చు. క్లెయిమ్ రోజున సర్వేయరు డ్యాష్‌బోర్డు కింద కోసిన వైర్లు చూస్తే మాత్రం రాసుకుంటాడు. ఇన్సూరెన్స్ వాళ్ళకి ముందే రాతపూర్వకంగా చెప్పి ఉంచుకోవాలి. వారంటీ మిగిలి ఉంటే అసలు ముట్టుకోకూడదు. ఇది నా సలహా, వినడం మీ ఇష్టం.

కంచరపాలెం వైర్‌మ్యాన్
బ్రేక్ లైట్లు కంపెనీవేనా, మార్చారా?

సిరిపురం సీనియర్
ఈ సందర్భంలో పిల్లలందరూ తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈ క్రూజ్ కంట్రోల్ కనిపెట్టిన ఇంజనీరు రాల్ఫ్ టీటర్‌కి కళ్ళు కనిపించవు. ఐదేళ్ళ వయసులో ప్రమాదంలో చూపు పోయింది. ఆయన లాయరు కారు నడుపుతూ మాట్లాడేటప్పుడు ఒకసారి స్లో చేస్తూ ఒకసారి వేగం పెంచుతూ ఉంటే, పక్కన కూర్చున్న ఈయనకి ఆ కుదుపులకి విసుగొచ్చి ఈ ఆలోచన చేశాడని చెప్తారు. 1950లో పేటెంట్ వచ్చింది. 1958 మోడల్ క్రైస్లర్ కార్లలో మొదటిసారి అమ్మారు. కారు నడపలేని మనిషి, నడిపేవాళ్ళ కాలికి విశ్రాంతి ఇచ్చాడు. మనకేమో ఒక బటన్ నొక్కడానికి రెండు రోజుల టెన్షన్.

భీమిలి రోడ్డు
సార్, చాలా బాగుంది. కానీ నా బండి సెట్ అవ్వట్లేదు.

తగరపువలస టర్బో
బ్రదర్, మీరు కొన్నది అసలు క్రూజే కాదేమో. ఆన్‌లైన్‌లో చాలామంది థ్రాటిల్ (అంటే యాక్సిలరేటర్) కంట్రోలర్‌ని క్రూజ్ అని రాసి అమ్ముతున్నారు. అది యాక్సిలరేటర్ పెడల్‌కీ, ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ ఈసీయూకీ మధ్య దూరి, కొంచెం తొక్కితే ఎక్కువ తొక్కినట్టు చూపిస్తుందంతే. స్పీడుని పట్టుకోదు.

సిరిపురం సీనియర్
తేడా ఏముంది నాయనా? రెండూ థ్రాటిల్‌నే కదా పట్టుకునేది. మా రోజుల్లో జీపులో హ్యాండ్ థ్రాటిల్ ఉండేది. లాగి వదిలేస్తే క్రూజే.

తగరపువలస టర్బో
కాదు మాస్టారూ. హ్యాండ్ థ్రాటిల్ పెడల్‌ని ఒక చోట ఆపుతుంది. ఎత్తు వస్తే స్పీడు పడిపోతుంది, పల్లం వస్తే పెరిగిపోతుంది. క్రూజ్ స్పీడుని చూస్తూ థ్రాటిల్‌ని తనే పెంచి తగ్గిస్తుంది. స్పీడ్ సిగ్నల్ తీసుకోనిదాన్ని క్రూజ్ అనకూడదు. ముందు బండిని చూసి తనే బ్రేకు వేసేదైతే అడాప్టివ్, దానికి రాడారో కెమెరానో కావాలి, బయట కిట్టుతో వచ్చేది కాదు. స్పీడ్ లిమిటర్ మళ్ళీ వేరు, అది పై హద్దు మాత్రమే పెడుతుంది, కాలు తీస్తే బండి స్లో అవుతుంది.

సిరిపురం సీనియర్
పేర్లు ఎన్నయినా పెట్టుకోండి. కాలు తీసినా బండి పోతుంటే మా లెక్కలో అది క్రూజే.

తగరపువలస టర్బో
ఆ లెక్కన సింహాచలం కొండ దిగేటప్పుడు న్యూట్రల్‌లో పోయే ఆటో కూడా క్రూజే.

భీమిలి రోడ్డు
నాది అసలు క్రూజే. స్పీడ్ కోసం ఒక వైరు, పెడల్ దగ్గర ఒక కనెక్టరు, బ్రేక్ వైరు, ఇగ్నిషన్ వైరు అన్నీ ఉన్నాయి. కారు 2016 డీజిల్, మాన్యువల్, కింది వేరియంట్. చాలా?

గాజువాక గేర్‌బాక్స్
ఇప్పుడు దారిలోకి వచ్చారు. ఎంత స్పీడులో నొక్కుతున్నారు? ఎక్కువ కిట్లు 40 దాటితే గానీ పట్టుకోవు. మద్దిలపాలెం సిగ్నళ్ళ మధ్య నొక్కితే రాదు.

భీమిలి రోడ్డు
అంత తెలివితక్కువవాణ్ణి కాదండీ. ఆనందపురం నుంచి సబ్బవరం వైపు ఆరు లైన్ల రోడ్డు మీద 70, 80లో నొక్కాను.

గాజువాక గేర్‌బాక్స్
చెక్ ఇంజన్ లైటు ఏమైనా వచ్చిందా? పెడల్‌లో రెండు సెన్సార్లు ఉంటాయి. చాలా కార్లలో ఒకదాని వోల్టేజీ రెండోదానికి సగం. కిట్ ఆ నిష్పత్తి తప్పితే ఈసీయూ అనుమానించి ఇంజన్‌ని లింప్ మోడ్‌లో, అంటే పవర్ తగ్గించి నడిపే పద్ధతిలో పెట్టేస్తుంది.

భీమిలి రోడ్డు
లేదు. ఇంజన్ బాగానే ఉంది. పికప్ కూడా మామూలే.

కంచరపాలెం వైర్‌మ్యాన్
మళ్ళీ అడుగుతున్నా. బ్రేక్ లైట్లు ఎల్‌ఈడీవా?

భీమిలి రోడ్డు
అవును, సంక్రాంతి ముందు మార్పించాను, మెరుపులా వెలుగుతున్నాయి. దానికీ దీనికీ ఏం సంబంధం?

కంచరపాలెం వైర్‌మ్యాన్
అదే సంబంధం. పాత బల్బు పెట్టండి.

భీమిలి రోడ్డు
అర్థమయ్యేలా చెప్పండి బాబూ.

కంచరపాలెం వైర్‌మ్యాన్
కిట్‌లో ఒక వైరుని, బ్రేక్ స్విచ్ నుంచి వెనక బల్బుకి పోయే వైరు మీద కలుపుతారు. బ్రేక్ తొక్కితే దానిమీద 12 వోల్టులు వస్తాయి, క్రూజ్ వదిలేస్తుంది. ఇది అందరికీ తెలుసు. తొక్కనప్పుడు ఏం జరుగుతుందో ఎవరూ ఆలోచించరు. తొక్కనప్పుడు ఆ వైరుకి బల్బు ఫిలమెంటు గుండా ఎర్త్ దొరుకుతుంది. చల్లగా ఉన్న ఫిలమెంటు రెసిస్టెన్స్ చాలా తక్కువ. ఆ ఎర్త్ కనిపిస్తేనే, బ్రేక్ వైరు తెగిపోలేదు, బల్బు దాకా ఉంది అని మాడ్యూల్ (కిట్‌లోని కంట్రోల్ పెట్టె) నమ్మి సెట్ అవుతుంది. ఎల్‌ఈడీలో ఫిలమెంటు లేదు. ఎర్త్ కనపడదు. వైరు తెగిందనుకుని మాడ్యూల్ సెట్ కాదు. అది పాడు కాలేదు, దాని పని అది చేస్తోంది.

మీటరుతో చూసుకోండి. ఇగ్నిషన్ ఆపి, కిట్ కనెక్టరు పీకి, బ్రేక్ వైరుకీ బాడీకీ మధ్య ఓమ్స్ చూడండి. కొద్ది ఓమ్స్ వస్తే సరే. ఏమీ రాకపోతే నేను చెప్పిందే. మీటరు ఓమ్స్‌లో ఉండగా బ్రేక్ మాత్రం తొక్కకండి. బ్రేక్ లైటుకి తాళంచెవి తీసేసినా కరెంటు ఉంటుంది, మీటరు పోతుంది.

తగరపువలస టర్బో
బల్బులు వెనక్కి మార్చడం ఎందుకు బ్రదర్? ఐదు పిన్నుల రిలే (కరెంటుతో మారే స్విచ్) పెట్టేయండి. 87ఏ పిన్ను ఎర్త్‌కి, 87 పిన్ను ఫ్యూజు ఉన్న 12 వోల్టులకి, 30 పిన్ను కిట్ బ్రేక్ వైరుకి. కాయిల్ బ్రేక్ లైటు వైరు మీద. తొక్కకపోతే ఎర్త్, తొక్కితే 12. ఎల్‌ఈడీలు అలాగే ఉంటాయి.

కంచరపాలెం వైర్‌మ్యాన్
కాయిల్ తెగితే?

తగరపువలస టర్బో
రిలే అంత తొందరగా పోదు.

కంచరపాలెం వైర్‌మ్యాన్
పోతే ఏమవుతుందో చెప్పండి. రిలే కదలదు. బ్రేక్ ఎంత తొక్కినా మాడ్యూల్‌కి ఎర్త్ కనపడుతూనే ఉంటుంది. మీరు బ్రేక్ తొక్కుతుంటారు, అది థ్రాటిల్ ఇస్తుంటుంది. అదే ఫిలమెంటు బల్బులు రెండూ పోతే క్రూజ్ సెట్ కాదు, అంతే. పాడైనా ఇబ్బంది లేని వైపు పాడవ్వాలి.

గాజువాక గేర్‌బాక్స్
మధ్యేమార్గంగా రెసిస్టర్ పెట్టొచ్చు కదా? మార్కెట్లో 6 ఓమ్స్, 50 వాట్స్ దొరుకుతాయి.

కంచరపాలెం వైర్‌మ్యాన్
బ్రేక్ తొక్కి ఉంచినంతసేపూ 24 వాట్ల వేడి. ప్లాస్టిక్ పక్కన కట్టారంటే కరిగిపోతుంది. రేకు మీద బిగించాలి. దాని బదులు డబుల్ ఫిలమెంటు బల్బు, 21 వాట్స్ 5 వాట్స్ ఉన్నది, రెండు వైపులా వేస్తే జత బాగుంటుంది. ఏ స్పేర్ పార్ట్స్ షాపులోనైనా దొరుకుతుంది.

పాత లా పుస్తకం
ఎల్‌ఈడీలు మార్చడం కూడా మార్పే. నేను ముందే చెప్పాను.

మధురవాడ అమ్మాయి
నాకు వైర్ల సంగతి తెలీదు కానీ వాడకం గురించి ఒక ప్రశ్న. మా వారి కారులో కంపెనీ క్రూజ్ ఉంది. వాన పడుతున్నప్పుడు కూడా వదలరు. ఇది సేఫేనా?

గాజువాక గేర్‌బాక్స్
వద్దని చెప్పండి మేడమ్. నీళ్ళు నిలిచిన చోట టైరు పైకి తేలితే మనిషి తెలియకుండానే కాలు తీస్తాడు. క్రూజ్ తీయదు, ఆ స్పీడుని పట్టుకోవాలని లాగుతూనే ఉంటుంది. తుపాను రోజుల్లో మన హైవే మీద సర్వీసు రోడ్డు నీళ్ళు మెయిన్ రోడ్డు మీదికి వస్తాయి, చీకట్లో కనపడవు కూడా.

ఇంకో సంగతి రెజ్యూమ్ బటన్. ఊరు వచ్చిందని బ్రేక్ వేస్తారు, క్రూజ్ ఆగుతుంది. ఊళ్ళో ఉండగానే మర్చిపోయి రెజ్యూమ్ నొక్కితే బండి తిన్నగా పాత 90కి పరిగెడుతుంది. మీడియన్ గ్యాపుల దగ్గర రాంగ్ రూట్లో ట్రాక్టర్లు, మేకలు, స్కూటర్లు. ఊరు పూర్తిగా దాటి, కాలితో స్పీడు తెచ్చుకుని, అప్పుడు సెట్ నొక్కుకోవడం మంచిది.

సిరిపురం సీనియర్
అరకు ఘాట్‌లో వాడుకోవచ్చా? శృంగవరపుకోట దాటాక మలుపులు ఎక్కువ.

గాజువాక గేర్‌బాక్స్
వద్దు మాస్టారూ. ఎక్కేటప్పుడు మలుపు మధ్యలో స్పీడు పడిందని థ్రాటిల్ ఎక్కువ ఇస్తుంది. దిగేటప్పుడు ఈ కిట్లు బ్రేకు వేయలేవు, సెట్ చేసిన స్పీడు దాటి పోతుంది. అక్కడ గేరు పట్టుకుని దిగాల్సిందే.

తగరపువలస టర్బో
హైవే మీద మైలేజీ మాత్రం అదరగొడుతుంది.

గాజువాక గేర్‌బాక్స్
చదునైన రోడ్డు మీద ఒప్పుకుంటాను. ఎగుడుదిగుడులో మంచి డ్రైవరు పల్లం చూసి ముందే కాలు తీస్తాడు, ఇది తీయదు. ఈ లీటర్ల గొడవ కన్నా కాలు ఎక్కడుందో చూసుకోండి. క్రూజ్ పెట్టగానే కాళ్ళు ముడుచుకుని సీటు మీద కూర్చునేవాళ్ళని నక్కపల్లి దగ్గర కళ్ళారా చూశాను. కాలు బ్రేక్ పక్కనే ఉండాలి. నాలుగు లైన్ల డివైడర్ రోడ్డు మీద కార్లకి హద్దు 100 అని 2018లో కేంద్రం పెట్టింది, బోర్డు తక్కువ చెప్తే బోర్డే. నిద్ర వస్తుంటే అసలు పెట్టకండి, చేసే పని తగ్గితే నిద్ర ఇంకా ముంచుకొస్తుంది.

మధురవాడ అమ్మాయి
ఒకవేళ వదలకుండా పట్టుకుపోతే?

కంచరపాలెం వైర్‌మ్యాన్
బ్రేక్ ఒకేసారి గట్టిగా తొక్కి అలాగే ఉంచండి, పంపు చేయొద్దు. పదేపదే తొక్కి వదిలితే బ్రేకుకి సాయం చేసే వాక్యూమ్ అయిపోయి పెడల్ రాయిలా అవుతుంది. క్లచ్ తొక్కి న్యూట్రల్ చేయండి. ఇంజన్ అరిచినా పట్టించుకోవద్దు. తాళంచెవి మాత్రం బండి ఆగేదాకా పీకొద్దు, స్టీరింగ్ లాక్ పడుతుంది.

పాత లా పుస్తకం
ఈ కామెంటు ఒక్కటీ అడ్మిన్ గారు పైన పిన్ చేస్తే బాగుంటుంది.

భీమిలి రోడ్డు
బల్బులు మార్చా. 75లో సెట్ అయ్యింది. బ్రేక్ తొక్కితే వదులుతోంది. థాంక్స్ అండీ అందరికీ. బల్బుల సంగతి ఆ కుర్రాడు అడిగి ఉంటే సరిపోయేది.

కంచరపాలెం వైర్‌మ్యాన్
క్లచ్ వైరు ఎక్కడ కలిపారు? మాన్యువల్ అన్నారు కదా. క్రూజ్‌లో ఉండగా క్లచ్ తొక్కితే అది కూడా వదిలేయాలి. స్పీడు కోసం థ్రాటిల్ ఇస్తూ, లోడు లేక ఇంజన్ ఆర్‌పీఎమ్ రెడ్ దాకా పోకూడదు. మీ లిస్టులో క్లచ్ వైరు లేదు. కాలు బ్రేక్ మీద సిద్ధంగా పెట్టుకుని, ఖాళీ రోడ్డు మీద చూసుకోండి.

కంచరపాలెం వైర్‌మ్యాన్
చూశారా?

పెందుర్తి పాత కారు
నాది కేబుల్ థ్రాటిల్ బండి (పెడల్ తొక్కితే తీగ లాగేది), 2003. దీనికి వాక్యూమ్‌తో లాగే కిట్ విశాఖలో ఎక్కడైనా బిగిస్తారా?