ఐరన్ సూపర్‌కండక్టర్ గ్యాప్ సున్నా అయిపోతాంది, ఎవరన్నా చూడండి

టవర్‌క్లాక్ (అనంతపురం):
మధ్యాన్నం రెండుకు కూచున్నా, ఇప్పుడు రాత్రి పదకొండు. ఎమ్మెస్సీ ప్రాజెక్టు. ఇనుమున్న సూపర్‌కండక్టర్‌కు (బాగా చల్లబడితే అడ్డంకి లేకుండా కరెంటు పారే పదార్థం) రెండు బ్యాండ్ల (ఎలక్ట్రాన్ల శక్తి వరసల) గ్యాప్ ఈక్వేషన్ పైథాన్‌లో రాసినా. గ్యాప్ అంటే ఎలక్ట్రాన్ల జంటను విడగొట్టేదానికి కావల్సిన శక్తి. ఏం చేసినా రెండు గ్యాప్‌లూ సున్నాకే పోతాండాయి. టెంపరేచర్ 2 కెల్విన్ పెట్టినా, ఇంకెంత తగ్గించల్ల? మధ్యలో మూడుసార్లు కరెంటు పాయ. ఎల్లుండి సార్‌కు చూపించల్ల.

బురుజు_కర్నూలు:
వి, అంటే ఎలక్ట్రాన్ల మధ్య బలం, గుర్తేంది? ప్లస్సా మైనస్సా?

దేవునికడప:
నాయనా, ముందు మాట సరిచేసుకో. తెలుగులో అతివాహకత అంటారు. ఇనుము ఉంటే అతివాహకత చెడుతుందనే మా కాలంలో చదువుకున్నాం. 2008లో జపాన్‌లో హొసోనో బృందం లాంథనం, ఇనుము, ఆర్సెనిక్, ఆక్సిజన్ ఉన్న పదార్థంలో కాస్త ఫ్లోరిన్ చేర్చి 26 కెల్విన్ దగ్గర చూపించింది. లాంథనం బదులు సమేరియం పెడితే ఆ ఏడాదే 55కు చేరింది. ఇదంతా తెలియకుండా పైథాన్ ఎందుకు?

టవర్‌క్లాక్:
సార్, అది తెలుసు. నా గ్యాపే సున్నా.

బురుజు_కర్నూలు:
వి గుర్తు అడిగినా.

టవర్‌క్లాక్:
ప్లస్ అన్నా, వికర్షణ. హోల్ పాకెట్‌కూ ఎలక్ట్రాన్ పాకెట్‌కూ (మొమెంటం పటంలో కరెంటు మోసేవి ఉండే చిన్న తావులు) మధ్య మాత్రమే. ఒకే పాకెట్ లోపల సున్నా.

పెన్నఒడ్డు:
వికర్షణ అయితే జంట ఎట్ల కడతాయప్పా? ఆకర్షణ ఉండల్ల. ఫోనాన్లు, అంటే స్ఫటికంలో పరమాణువుల కంపనాలు, కలపల్ల. 1957లో బీసీఎస్ సిద్ధాంతం వచ్చినప్పటి నుంచీ అదే కదా.

బురుజు_కర్నూలు:
హొసోనో పదార్థానికి ఫోనాన్లతో లెక్కేస్తే ఒక కెల్విన్ కూడా రాదు. ఇక్కడ స్పిన్ ఊగులాట (ఎలక్ట్రాన్ల చిన్న అయస్కాంతత్వం అటూ ఇటూ ఊగడం) పటం మధ్యలో ఉండే హోల్ పాకెట్‌ను మూలలో ఉండే ఎలక్ట్రాన్ పాకెట్‌తో కలుపుతాది. ఒక పాకెట్‌లో గ్యాప్ ప్లస్, ఇంకోదాంట్లో మైనస్ అయితే ఈక్వేషన్‌లో వికర్షణ తెచ్చే మైనస్ రద్దయిపోతాది, జంట నిలబడతాది. 2008లోనే ఫిజిసిస్టు మాజిన్ వాళ్లు చెప్పినారు. దీన్నే ఎస్ ప్లస్ మైనస్ అంటారు.

దేవునికడప:
హోల్ కాదు, రంధ్రం.

పెన్నఒడ్డు:
రంధ్రం అంటే ముక్కు గుర్తొస్తాది సార్. ఎలక్ట్రాన్ లేని చోటు అంటే సరిపోదా?

దేవునికడప:
పాఠ్యపుస్తకాల్లో రంధ్రమనే ఉంది.

బురుజు_కర్నూలు:
తమ్ముడూ, మొదటి విలువలేం ఇచ్చినావు? మిక్సింగ్ ఎంత?

టవర్‌క్లాక్:
రెండిటికీ 1. మిక్సింగ్ 0.5. స్టేట్ల సాంద్రత (ఎలక్ట్రాన్లకు దొరికే స్థానాల లెక్క) కూడా రెండిటికీ ఒకటే. ఇవి చెప్పల్లని తెలీదన్నా.

బురుజు_కర్నూలు:
ఇంకేముంది. రెండూ ప్లస్‌తో మొదలుపెడితే కొత్త విలువ తిరగబడి మైనస్ వస్తాది. పాతదాంతో సగం సగం కలిపితే ఒకదాన్నొకటి తినేస్తాయి. సాంద్రతలు కూడా సమానం కాబట్టి ఎన్నిసార్లు తిప్పినా ఆ గుంతలోనుంచి బయటపడవు. ఒకటి 1, ఇంకోటి మైనస్ 1 పెట్టి చూడు. టెంపరేచర్ జోలికి పోవద్దు.

పెన్నఒడ్డు:
మరి పొటాషియం ఐరన్ సెలీనైడ్‌లో మధ్యన హోల్ పాకెట్టే లేదు గదా? అయినా 30 కెల్విన్ దాటింది. అక్కడ మీ ప్లస్ ఎవరితో, మైనస్ ఎవరితో?

బురుజు_కర్నూలు:
మంచి ప్రశ్నే. అది ఇంకా తెగలేదు. ఈ పిల్లోని ఎల్లుండి పనికి అడ్డం కాదు.

టవర్‌క్లాక్:
వచ్చిందన్నా. థాంక్స్. పండుకుంటా.

పెన్నఒడ్డు:
సెలీనైడ్ సంగతి ఎవురన్నా చెప్పండప్పా.