ప్రోషితభర్తృక సరే, సముద్రం దాటిన సిపాయి బెంగకు మాటేది?

ప్రశ్న: మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సుకు వెళ్ళిన భారతీయ సిపాయిలు ఇళ్ళకు రాసిన ఉత్తరాలను తెలుగు చేస్తున్నాను. భర్త దూరదేశంలో ఉన్న స్త్రీని చెప్పడానికి మనకు ‘ప్రోషితభర్తృక’ అన్న చక్కని మాట ఉంది. దూరదేశంలో ఉండి భార్యనో, మనసిచ్చిన పిల్లనో తలచుకొని కుమిలే మగవాడికి అటువంటి మాట ఏదైనా ఉందా? ‘విరహం’ అని రాస్తే సరిపోతుందా?

సమాధానం: ముందుగా మీరు ఎత్తిన మాటనే విప్పి చూద్దాం. ‘వస్’ అంటే నివసించడం. దానికి క్త ప్రత్యయం చేరితే ‘ఉషిత’ అవుతుంది, ముందు ‘ప్ర’ ఉపసర్గ వస్తే ‘ప్రోషిత’. ఇల్లు విడిచి వేరొక చోట ఉంటున్నవాడని అర్థం. ప్రవాసం, ప్రవాసి అన్న మాటలు కూడా ఈ ధాతువు నుంచి వచ్చినవే. ఎవరి భర్త ప్రోషితుడో ఆమె ప్రోషితభర్తృక. ఇది బహువ్రీహి కనుక, ‘భర్తృ’ ఋకారాంతం కనుక, చివర ‘క’ వచ్చింది. గమనించవలసినది ఏమిటంటే, ఆ సమాసంలో వెళ్ళినవాడు ఉన్నాడు గానీ అతడు ఆమె స్థితిని చెప్పడానికి మాత్రమే ఉన్నాడు. ‘ప్రోషితుడు’ అని విడిగా వాడితే అతడు ఊళ్ళో లేడని తెలుస్తుందే తప్ప, ఆ పరాయి చోట అతని మనసు ఎలా ఉందో తెలియదు. అష్టవిధ నాయికలను అంత ముచ్చటగా పేర్లు పెట్టి చెప్పుకున్న సంప్రదాయంలో, వెళ్ళినవాడి బాధకు అంతగా వాడుకలోకి వచ్చిన పేరు లేకపోవడం నాకు ఎప్పుడూ వెలితిగానే అనిపిస్తుంది.

అలంకారికులు అతణ్ణి బొత్తిగా మరచిపోయారని కాదు. విప్రలంభ శృంగారంలో, అంటే ఎడబాటు శృంగారంలో, ప్రవాసాన్ని ఒక భేదంగా చెప్పి, దానికి మూడు కారణాలు చూపించారు: కార్యం (పని), శాపం, సంభ్రమం (ఉపద్రవం వల్ల కలిగే కలకలం). మేఘదూతంలోని యక్షుడిది శాపం వల్ల కలిగిన ప్రవాసం. ఆ కావ్యం రెండో శ్లోకంలోనే కాళిదాసు అతణ్ణి ‘కనకవలయభ్రంశరిక్తప్రకోష్ఠః’ అంటాడు. చిక్కిపోయి బంగారు కడియం జారిపోగా ముంజేయి బోసిపోయినవాడని భావం. విరహంలో చేతి కంకణాలు వదులు కావడాన్ని కవులు సాధారణంగా స్త్రీకి చెబుతారు. ఆ బోసిపోయిన చేతిని మగవాడికి పెట్టడం కాళిదాసు చేసిన గొప్ప పని. మీ సిపాయిది కార్యం వల్ల కలిగిన ప్రవాసం. అయితే అతడు యక్షుడి లాగా మేఘాన్ని పిలిచి మనసు విప్పగలిగిన స్థితిలో లేడు. అందుకే ‘విరహం’ అన్న మాట అతని నోట అతకదని నా అభిప్రాయం. అది పద్యంలోనూ పాడుకునే పదంలోనూ పండిన మాట, వెన్నెల, మలయమారుతం, చిలుకలు వెంట లేకుండా రాదు. బురద నిండిన కందకంలో కూర్చున్న రైతుబిడ్డ దాన్ని పలికాడంటే చదివేవాడు నమ్మడు.

నేనైతే ‘బెంగ’ అంటాను. పసిబిడ్డ తల్లి మీద బెంగ పెట్టుకుంటుంది, హాస్టలులో చేరిన పిల్లవాడు ఇంటి మీద బెంగతో జ్వరం తెచ్చుకుంటాడు, దూడను అమ్మేస్తే ఆవు బెంగతో మేత ముట్టదు. ఇన్నిటికీ సరిపోయే మాట ప్రియురాలికి సరిపోదా? ‘మీద’ అన్న చిన్న మాటతో అది ఎవరి వైపు తిరిగి ఉందో కూడా తెలిసిపోతుంది. పైగా వాక్యం కట్టు చూడండి: ‘నాకు నీ మీద బెంగగా ఉంది’ అంటాం. ఇక్కడ ‘నేను’ కర్తను కాను. బెంగ నేను చేసే పని కాదు, నాకు కలిగేది. ఈ రోజుల్లో మనం ‘నిన్ను మిస్ అవుతున్నాను’ అని అలవాటుగా అనేస్తున్నాం గానీ, బస్సుకూ మనిషికీ ఒకే క్రియ వాడవలసినంత పేదరికం మన భాషకు లేదు.

ఇక ఉత్తరాల సంగతి. 1914 సెప్టెంబరు చివరి నుంచి ఫ్రాన్సులోని మార్సెయ్ రేవులో దిగిన లాహోర్, మీరట్ డివిజన్లలో పంజాబీలు, గఢ్‌వాలీలు, గూర్ఖాలు, పఠాన్లు ఎక్కువ. మన తెలుగువారి పాలు స్వల్పం. (ఒకప్పుడు మద్రాసు నుంచి బెంగాలుకు వెళ్ళిన సిపాయిల వల్ల ఉత్తరాదిన సిపాయికి ‘తిలంగా’ అన్న పేరే స్థిరపడింది. 1857లో ఢిల్లీ జనం తిరుగుబాటు సైనికులను ఆ మాటతోనే పిలిచారు.) ఫ్రాన్సుకు వెళ్ళిన ఆ సిపాయిలలో చాలామందికి చదువు రాదు. ఒకరు చెబుతుంటే మరొకరు రాసేవారు. ఫ్రాన్సులో సెన్సారు అధికారులు తనిఖీ చేసేవారు. ఊరు చేరాక చదవడం వచ్చినవాడు నలుగురిలో పైకి చదివేవాడు. భార్య చెవిన పడేలోగా ఇన్ని చేతులు, ఇన్ని కళ్ళు దాటవలసిన ఉత్తరంలో ఎవరు మాత్రం మనసు విప్పి రాయగలరు? సెన్సారు కన్ను కప్పడానికి భారతీయ సైనికులను ‘నల్ల మిరియాలు’ అనీ, తెల్లవారిని ‘ఎర్ర మిరపకాయలు’ అనీ రాసినవారు, ప్రేమను కూడా అంత జాగ్రత్తగానూ దాచి ఉంటారు. మూల ప్రతులు చాలావరకు దక్కలేదు. సెన్సారువారు ఇంగ్లీషులో రాసి పెట్టుకున్న భాగాలే మిగిలాయి. కాబట్టి మీరు అనువదిస్తున్నది అప్పటికే ఒకసారి భాష మారిన మాటను. ఇంగ్లీషు పదం వెంట పోకుండా, దాని వెనుక ఏ పల్లెమాట ఉండి ఉంటుందో వెతకండి.

మరొక సభ్యురాలు: ‘బెంగ’ బాగుంది గానీ మా కరీంనగర్ వైపు ‘రంది’ అంటాం. ‘రంది పెట్టుకున్నడు’, ‘మనాది పట్టింది’ అన్నవి ఇంకా బరువైన మాటలు కావా? ‘నువ్వు యాదికొస్తున్నవ్’ అన్నదానిలో ఉన్న దగ్గరతనం కూడా పరిశీలించండి.

సమాధానం: మీరు గుర్తు చేసినందుకు కృతజ్ఞతలు. ఈ మూడు మాటలూ నా సమాధానంలో మొదటే ఉండవలసింది. అయితే ఇవి ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. నాకు అర్థమైనంతలో రందిలో దిగులు పాలు ఎక్కువ, అప్పుల మీద కూడా రంది ఉండవచ్చు. మనాది లోలోపల తినేసి మనిషిని మంచం పట్టించేది. తాను వెళ్ళిపోయాక ఇంట్లో ఆమె చిక్కిపోతున్నదని సిపాయికి కబురు అందిన చోట మనాది అన్న మాటకు సాటి లేదు. ‘యాదికొస్తున్నవ్’ అన్నదాంట్లో వచ్చేది ఆమె, ఇతడు కూర్చున్న చోటే ఉన్నాడు. సెలవు దొరకని సైనికుడి స్థితి సరిగ్గా అదే. అనువాదకులు ఏ ప్రాంతపు తెలుగులో రాస్తున్నారో తేల్చుకొని, ఆ ప్రాంతపు మాటలనే చివరి దాకా నిలపాలి.

అడిగినవారికి ఇంకొక మనవి. సిపాయి బాధను పైకి చెప్పిన చోటనే బెంగ అనో, రంది అనో రాయండి. చెప్పకుండా దాచిన చోట మీరు పూరించవద్దు. ఆ పల్లెల్లోనూ మన పల్లెల్లోనూ నలుగురి ముందు భార్య పేరెత్తడం మగవాడికి అలవాటు లేని కాలం అది. అతడు తండ్రికి రాస్తాడు, ఆమె మాట చివర ఒక్క ముక్కలో అడుగుతాడు. అటువంటి ఉత్తరం నా చేతికి వస్తే తెలుగులో దాని కట్టు ఇలా ఉంటుంది: ‘నాన్నగారికి నమస్కారములు. ఉభయకుశలోపరి. ఇక్కడ చలి ఎక్కువగా ఉన్నది. ఎద్దులకు మేత సరిపోయినదా? మీ కోడలు వేళకు అన్నం తింటున్నదో లేదో తప్పక వ్రాయించగలరు.’ ఆ ‘తప్పక’ అన్న మాటను మాత్రం అనువాదంలో జారిపోనివ్వవద్దు.