సెప్టెంబరు ఆల్ప్స్ నడక: ఎక్కడం సరే, దిగడం మాటేమిటి?

సమన్వయం, తిరుపతి నుంచి

అందరికీ నమస్కారం. సెప్టెంబరు మొదటి వారాంతంలో మన సంఘం తరఫున జర్మనీ ఆల్ప్స్‌లోని బెర్ఖ్టెస్‌గాడెన్ జాతీయ ఉద్యానవనానికి వెళ్లే మూడు రోజుల నడకకు ఇప్పటికి 34 పేర్లు వచ్చాయి. వారిలో 11 మంది తిరుపతి, చిత్తూరుల నుంచి పిల్లల దగ్గరికి వచ్చే అమ్మానాన్నలు. జులై ఆఖరు దాకా నేను సెలవు మీద తిరుపతిలోనే ఉంటాను కాబట్టి వారిని నడకకు సిద్ధం చేసే పని నేను తీసుకుంటున్నాను.

ముందు పోయిన ఏడాది సంగతి చెప్పాలి. మనమంతా కొండదారి పట్టి వెళ్లిపోయాం. చిత్తూరు నుంచి వచ్చిన ఒక అమ్మగారు మాత్రం పడవల రేవు దగ్గర బెంచీ మీద నాలుగు గంటలు కూర్చున్నారు. ఆమె నడవలేరని మనకు మనమే అనుకున్నాం. ఆమెను ఒక్క మాటైనా అడగలేదు. ఆమె ఏటా అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కే మనిషి అని నాకు తర్వాత తెలిసింది. ఇది నన్ను ఇప్పటికీ బాధిస్తోంది. ఈసారి ఎవరినీ అడగకుండా ఎవరి పేరూ కొట్టివేయవద్దు.

లెక్క చూడండి. అలిపిరి దారిలో 3550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. తిరుపతి నుంచి తిరుమలకు ఎత్తు తేడా దాదాపు 700 మీటర్లు. మనం శనివారం వెళ్లాలనుకుంటున్న విమ్‌బాఖ్ లోయలో వంతెన దగ్గర ఎత్తు సుమారు 630 మీటర్లు, లోయ పైభాగంలోని విమ్‌బాఖ్‌గ్రీస్ హట్ ఎత్తు 1327 మీటర్లు. హట్ అంటే మన లెక్కలో కొండ సత్రం అనుకోండి. అక్కడికీ సుమారు 9 కిలోమీటర్లే, ఎక్కాల్సిందీ దాదాపు 700 మీటర్లే. మెట్లు లేవు, గులకరాళ్ల దారి. అంటే మన పెద్దవారు ఎన్నోసార్లు ఎక్కిన కొండ ఎంతో ఇదీ అంతే.

అయితే ఒక తేడా ఉంది. నాకు కూడా నిన్నటి దాకా తట్టలేదు. మనం తిరుమలకు నడిచి ఎక్కుతాం, దర్శనం చేసుకుని బస్సులో దిగుతాం. దిగే నడక మనలో చాలామందికి అలవాటే లేదు. ఆల్ప్స్ లోయలో పైనుంచి కిందికి తెచ్చే బస్సు ఉండదు.

అందుకే నిన్న ఆదివారం పెద్దవారిలో ఏడుగురితో బస్సులో తిరుమలకు వెళ్లి, అక్కడి నుంచి అలిపిరికి నడిచి దిగాం. మోకాళ్ల పర్వతం దగ్గర అందరూ కబుర్లు చెప్పుకుంటూ హాయిగా దిగారు. మధ్యలో చదును దారి వచ్చేసరికి ఇంకా హుషారు పెరిగింది. గాలిగోపురం దాటాక మాటలు ఆగిపోయాయి. మొత్తం దారిలో ఎక్కువ దూరం నిటారుగా ఉండేది ఆ భాగమే. ఎక్కేటప్పుడు తాజా కాళ్లతో దాన్ని ముందుగా దాటేస్తాం, దిగేటప్పుడు అది అలసిన కాళ్లకు ఆఖరున ఎదురవుతుంది. ముగ్గురికి మోకాళ్లు వణికాయి, ఒకరు చివరి మెట్లు పక్కవాటంగా దిగారు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తే ఆగితే తగ్గుతుంది. దిగేటప్పుడు శరీరం బరువంతా మోకాళ్ల మీదా తొడల మీదా పడుతుంది. ఆగినంత మాత్రాన ఆ కండరాలు వెంటనే కోలుకోవు. ఇకపై ప్రతి ఆదివారం దిగడమే మన సాధన.

ప్రయాణాల బాధ్యత, మ్యూనిక్ నుంచి

అక్కా, దిగే సంగతి బాగా పట్టుకున్నారు. రైలు వివరాలు ఇవి. శుక్రవారం ఉదయం తొమ్మిది దాటాక మ్యూనిక్‌లో బయలుదేరి ఫ్రైలాసింగ్‌లో రైలు మారితే మధ్యాహ్నానికి బెర్ఖ్టెస్‌గాడెన్ చేరుతాం. బవేరియా రాష్ట్రమంతా చెల్లే రోజు టికెట్ ఒకటి ఐదుగురి దాకా పనికొస్తుంది, కాకపోతే పనిదినాల్లో తొమ్మిది గంటల తర్వాతే చెల్లుతుంది. అందుకే ఆ సమయం పెట్టాను. తేదీ ఇంకా వెనక్కి జరపవద్దని నా మనవి. సెప్టెంబరు మధ్యలో అక్టోబర్‌ఫెస్ట్ అనే పెద్ద బీరు పండుగ మొదలైతే మ్యూనిక్ రైళ్లలో పెద్దవారితో, సామానుతో నిలబడడం కష్టం. మొదటి వారంలో పిల్లల బడులకు ఇంకా వేసవి సెలవులే.

ఒక ప్రశ్న. కుర్రవాళ్లు నలుగురు వాట్స్‌మన్ పర్వతం మీది వాట్స్‌మన్‌హౌస్ అనే హట్ దాకా వెళ్దామని అడుగుతున్నారు. ఏమని చెప్పను?

సమన్వయం, తిరుపతి నుంచి

ఈసారి వద్దని చెప్పండి తమ్ముడూ. వాట్స్‌మన్‌హౌస్ 1930 మీటర్ల ఎత్తులో ఉంది. విమ్‌బాఖ్ వంతెన నుంచి ఎక్కితే 1300 మీటర్లు, అంటే అలిపిరి దారికి దాదాపు రెట్టింపు. వారు ఎక్కగలరు, అందులో సందేహం లేదు. కానీ మనకు ఉన్నదే ఐదుగురు కార్యకర్తలు. కాళ్లలో బలం ఉన్న నలుగురూ వేరే దారిన పోతే పెద్దవారి వెంట ఎవరుంటారు? వారిలో ఇద్దరు జట్టుకు ముందు, ఇద్దరు వెనుక నడవాలని అడగండి. అలిసిపోయిన పెద్దాయన పక్కన ఆయన వేగంతో మూడు గంటలు నడవడం శిఖరం ఎక్కడం కంటే చిన్న పని కాదని నా నమ్మకం.

అక్కడి దారిపలకల మీద కిలోమీటర్లు కాకుండా ఎక్కువగా గంటలు రాసి ఉంటాయి. ఆ లెక్క కట్టే పద్ధతి మనకూ తెలిసి ఉండాలి. గంటకు చదునుగా 4 కిలోమీటర్లు, ఎక్కడమైతే 300 మీటర్లు, దిగడమైతే 500 మీటర్లు. దూరానికి పట్టే సమయం, ఎత్తుకు పట్టే సమయం విడిగా కట్టి, పెద్దదానికి చిన్నదాంట్లో సగం కలపాలి. హట్ దాకా ఎక్కడానికి దూరం లెక్కన రెండుంబావు గంటలు, ఎత్తు లెక్కన రెండు గంటల ఇరవై నిమిషాలు, కలిపితే సుమారు మూడున్నర. దిగడానికి సుమారు మూడు. ఆగకుండా నడిచినా ఆరున్నర గంటలు. పెద్దవారికి దీనికి సగం కలుపుకోవాలి, భోజనం వేరు. అంటే పొద్దున ఏడున్నరకు బయలుదేరినా సాయంత్రం ఆరు దాటుతుంది. అంత పొడవు రోజు అందరికీ తగదు.

కాబట్టి రెండు గమ్యాలు పెడదాం. దారిలోనే 937 మీటర్ల ఎత్తులో విమ్‌బాఖ్‌ష్లాస్ అనే పాత వేట భవనం వస్తుంది. వంతెన నుంచి సుమారు 4 కిలోమీటర్లు, 300 మీటర్ల ఎత్తు. ఎక్కడానికి గంటన్నర, దిగడానికి గంటా ఇరవై నిమిషాలు. పెద్దవారికి కలుపుకున్నా తీరికైన పూట నడక. అందరం కలిసి ఆ భవనం దాకా వెళ్దాం. అక్కడ కూర్చుని, నీళ్లు తాగి, ఎవరి కాళ్ల సంగతి వారు చెప్పాక హట్ జట్టు ముందుకు సాగుతుంది. అక్కడ ఆగేవారికి వెనకబడ్డామన్న చిన్నతనం ఉండకూడదు, ఎందుకంటే అదీ గమ్యమే. హట్ జట్టు ఎక్కడున్నా సరే, మధ్యాహ్నం ఒంటిగంటకు వెనక్కి తిరగాలి. వేసవిలో ఆ కొండల్లో ఉరుముల వానలు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే వస్తాయి.

భోజనాల బాధ్యత, మ్యూనిక్ నుంచి

శనివారానికి పులిహోర, పెరుగన్నం, వేరుశనగ ఉండలు నేను చూసుకుంటాను. హట్‌లో కూర్చుని మన పొట్లాలు విప్పడం మర్యాద కాదు, అక్కడ బల్లల దగ్గర కూర్చుంటే వారి దగ్గర ఏదో ఒకటి కొనాలి. పొట్లాలు దారిలో బెంచీల మీదే తినేద్దాం.

గుడ్డు తినని పెద్దవారు ఆరుగురున్నారు. వారికి ముందే చెప్పండి: కైజర్‌ష్మారన్ చూడడానికి తీపి అట్టు ముక్కల్లా ఉంటుంది కానీ అందులో గుడ్లే ప్రధానం. కేజ్‌ష్పెట్సిల అనే జున్ను (చీజ్) వంటకంలోనూ గుడ్డు ఉంటుంది. శాకాహారంలా కనిపించే సూప్ మాంసం ఉడికించిన నీళ్లతో చేసినదై ఉండవచ్చు. రొట్టె, వెన్న, మజ్జిగ నిశ్చింతగా తీసుకోవచ్చు. అక్కడ మజ్జిగ చాలా రుచిగా ఉంటుంది. జున్ను గడ్డకట్టడానికి దూడ కడుపులోని పదార్థం వాడే అలవాటు ఉంది. ఇది కొందరికి చాలా ముఖ్యమైన విషయం, తెలిసి నిర్ణయించుకోనిద్దాం. నగదు తప్పకుండా తెచ్చుకోండి.

సమన్వయం, తిరుపతి నుంచి

చాలా సంతోషం. చెత్త మొత్తం వెనక్కి తెచ్చుకోవాలని పెద్దవారికి చెప్పాను. తిరుమలలో ప్లాస్టిక్ సీసాలు నిషేధం కాబట్టి స్టీలు సీసా మోయడం వారికి అలవాటే. కొత్తగా అలవాటు కావాల్సింది నీటి పొదుపు. అలిపిరి దారిలో పైకప్పు, కొళాయిలు, దుకాణాలు, మరుగుదొడ్లు అడుగడుగునా ఉన్నాయి. విమ్‌బాఖ్ లోయలో రెండు భవనాల మధ్య ఏదీ లేదు. మనిషికి లీటరున్నర నీళ్లు మొదటి నుంచే మోయాలి. విమ్‌బాఖ్‌ష్లాస్ దగ్గర భోజనశాల, మరుగుదొడ్డి ఆ రోజున తెరిచి ఉంటాయో లేదో ఫోను చేసి కనుక్కునే పని మీది. అలాగే దారి మొదట్లో ఉండే ఇరుకు లోయకు టికెట్ ఉంది. వానలకు మూసేస్తారు కాబట్టి ముందురోజు సాయంత్రం చూసుకోవాలి.

బూట్ల సమస్య ఒకటి వచ్చింది. కొత్త బూట్లు కాళ్లకు అలవాటు కాకుండా అక్కడికి వెళితే మొదటి రోజే బొబ్బలు వస్తాయి. కానీ మెట్లదారిలో మన పెద్దవారు చెప్పులు వేసుకోరు, వేసుకోమని నేను అడగను కూడా. అందుకే సాధనను రెండుగా విడదీశాను. ఆదివారం మెట్లమీద ఒట్టి కాళ్లతో దిగడం, బుధవారం పొద్దున్నే చంద్రగిరి వైపు బూట్లతో నడక. నెలలో ఒకసారి తలకోనకు వెళ్దాం. అదీ శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలోనిదే కదా, వేర్లు, రాళ్లు, తడి ఉన్న అసలైన అడవిబాట. రెండు ఊతకర్రలతో దిగడం అక్కడే నేర్పిస్తాను. దిగేటప్పుడు కర్ర పొడవు కాస్త పెంచుకోవాలి, అడుగు చిన్నదిగా వేయాలి, మోకాలు కొంచెం వంచి ఉంచాలి.

ప్రయాణాల బాధ్యత, మ్యూనిక్ నుంచి

ఆదివారం కోనిగ్‌సీ సరస్సు. మొదటి పడవల్లోనే వెళ్లాలి, మధ్యాహ్నానికి వరుసలు చాలా పొడవవుతాయి. ఇక్కడ 1909 నుంచి విద్యుత్ పడవలే నడుస్తున్నాయి, అందుకే నీళ్లు అంత నిర్మలంగా ఉన్నాయి. లోతు 190 మీటర్లు. దారిలో పడవవారు ఇంజిను ఆపి కొండగోడ వైపు బాకా ఊదుతారు, ప్రతిధ్వని వినిపిస్తుంది. ఆ సమయంలో పిల్లలు నిశ్శబ్దంగా ఉండేలా చూడాలి.

సరస్సు అవతలి కొసన ఉన్న సాలెట్ రేవు దగ్గర దిగితే ఓబర్‌సీ అనే చిన్న సరస్సు పావుగంట నడకే. 470 మీటర్ల రోట్‌బాఖ్ జలపాతం అక్కడి నుంచే దూరంగా కనిపిస్తుంది. ఆ సరస్సు ఒడ్డు వెంట ముందుకు పోయే దారి మాత్రం రాళ్ల మధ్య ఇరుకుగా ఉంటుంది, పెద్దవారు మొదటి ఒడ్డునే ఆగడం మేలు. ఇంకో ముఖ్య విషయం. సాలెట్ నుంచి మనం పడవ ఎక్కిన రేవుకు ఒడ్డు వెంట నడిచి వచ్చే దారే లేదు. రెండు వైపులా కొండలు నేరుగా నీళ్లలోకి దిగుతాయి. పడవ తప్పితే చిక్కే.

కుర్రవాళ్లకు మరొక మాట. కోనిగ్స్‌బాఖ్ జలపాతం మీది సహజ కొలనులో ఈదుతూ తీసిన ఫొటోలు చూసి అక్కడికి పోదామంటున్నారు. అక్కడ 2019లో ఇద్దరు యువకులు మునిగి చనిపోయారు. జనం తొక్కిడికి మొక్కలు నాశనమై, 2021లో ఉద్యానవనం వారు అక్కడికి వెళ్లడాన్నే నిషేధించారు. మన సంఘం పేరుతో వచ్చినవారు అటు అడుగుపెట్టకూడదు.

సమన్వయం, తిరుపతి నుంచి

పూర్తిగా ఏకీభవిస్తున్నాను. శుక్రవారం మధ్యాహ్నం ఖాళీగా ఉంది కాబట్టి క్లౌస్‌బాఖ్ లోయలో గంటసేపు తేలిక నడక పెడదాం. జర్మనీలో వందేళ్లకు పైగా కనిపించకుండా పోయిన గడ్డపు రాబందు పిల్లలను 2021 నుంచి ఆ లోయలో వదులుతున్నారు. రెక్కలు చాస్తే మూడు మీటర్లకు కొంచెం తక్కువ, తినేది ప్రధానంగా ఎముకలే. ఇది చెప్పగానే మా నాన్న గరుత్మంతుడిని చూసి రావాలంటూ దుర్భిణి కొన్నారు.

ఆవుల గురించి పెద్దవారికి నేను గట్టిగా చెబుతున్నాను. వేసవిలో అక్కడి కొండ మేతబీళ్లలో ఆవులు విడిగా తిరుగుతాయి. మనకు ఆవు కనిపిస్తే నిమరాలనిపిస్తుంది. దూడ పక్కన ఉన్న తల్లి దగ్గరికి మాత్రం వెళ్లకూడదు, పొడుస్తుంది. శరత్కాలంలో ఆ ఆవులు కొండ దిగి ఇళ్లకు వచ్చేటప్పుడు వాటి తలలకు రంగురంగుల అలంకారాలు కడతారట. ఆ ఏడాది కొండ మీద పశువులకు ప్రమాదమేమీ జరగకపోతేనే కడతారు. ఈ మాట విని, మన రంగంపేటలో పశువుల పండుగకు కొమ్ములు అలంకరించే సంగతి చెప్పుకుంటూ అందరూ అరగంట కూర్చుండిపోయారు.

ఇక బీమా. షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ తీసుకుంటారు. కొండ మీద నుంచి రక్షక దళం తీసుకొచ్చే ఖర్చు, హెలికాప్టర్ ఖర్చు అందులో ఉన్నాయా అని విడిగా అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. అత్యవసర నంబరు 112. లోయల్లో ఫోను సిగ్నల్‌ను నమ్ముకోలేం కాబట్టి ప్రతి కార్యకర్త దగ్గర ఈల ఉండాలి. నిమిషానికి ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు ఊదడం ఆల్ప్స్ అంతటా సాయం కోరే గుర్తు. బీపీ, షుగరు మందుల పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన చీటీ ప్రతి పెద్దవారి జేబులోనూ పెట్టిస్తాను.

వచ్చే ఆదివారం ఉదయం ఆరు గంటలకు తిరుపతి బస్టాండులో కలుద్దాం. తిరుమలకు బస్సు, అక్కడి నుంచి అలిపిరికి నడక. ఈసారి గాలిగోపురం దగ్గర పావుగంట తప్పనిసరి విశ్రాంతి.

పెద్దవారి జట్టు, చిత్తూరు నుంచి

అమ్మా, నమస్కారం. మా అబ్బాయి ఫోనులో నేర్పిస్తే రాస్తున్నాను. నిన్న చివరి మెట్లు పక్కవాటంగా దిగింది నేనే. ఎడమ మోకాలు ఇంకా పట్టేసినట్టుంది, వాపు మాత్రం లేదు. వచ్చే ఆదివారం వస్తాను. నా పేరు వేట భవనం జట్టులో రాయండి. మా ఇంటావిడ పేరు హట్ జట్టులో ఉంచండి. ఆమె పోయిన ఏడాది బెంచీ మీదే ఉండిపోయింది.

సమన్వయం, తిరుపతి నుంచి

రెండు పేర్లూ రాశానండి. అమ్మగారి బూట్ల కొలత పంపండి, బుధవారానికి తెప్పిస్తాను.